అత్త ఏడ్వని ఏడుపు

నా చిన్నప్పుడు నాకు ఒక మనిషి మీద గట్టి పగ ఉండేది. ఆయన కోరుట్లలో ఉండే సారు, పేపర్లో నాటకాల మీద రాసేవాడు. ఆ పగ మా మేనత్త కోసం పెట్టుకున్నది.

మేనత్త సిరిసిల్లలో మా ఇంట్లోనే ఉండేది. పగలంతా బీడీలు చుట్టి, సాయంత్రాలు నాటక సంఘానికి పోయేది. ఆడది స్టేజీ ఎక్కడమేమిటని చుట్టాలు మూతులు ముడిచినా లెక్కచేసేది కాదు. ఒకసారి జగిత్యాలలో నాటకం ఉంటే నన్నూ బస్సులో తీసుకుపోయింది. అందులో అత్తది తల్లి వేషం. బొంబాయి పనికి పోయిన కొడుకు చనిపోయాడని చివర్లో కబురు వస్తుంది. ఆ తల్లి ఏడవదు. కొడుకు అంగీని మడతపెడుతుంది, విప్పుతుంది, మళ్లీ మడతపెడుతుంది. హాల్లో ఒక్కరూ దగ్గలేదు. నేను మాత్రం వెక్కివెక్కి ఏడ్చాను.

ఆ వారమే సారు రాసింది పేపర్లో వచ్చింది. చివరి ఘట్టంలో తల్లి పెట్టిన శోకాలకు చెవులు చిల్లులు పడ్డాయట! నాన్న పైకి చదువుతుంటే అత్త బీడీ ఆకు కత్తిరిస్తూనే ఉంది. సంఘం పెద్దలు మాత్రం, తర్వాత కోరుట్లలో ఆడబోయేటప్పుడు ఆ వేషం ఇంకొకరికి ఇద్దామని అనడం మొదలుపెట్టారు.

నాకు కోపంతో పాటు అనుమానం కూడా వచ్చింది. అచ్చులో వచ్చింది అబద్ధమెలా అవుతుంది? నేనే సరిగ్గా చూడలేదేమో. అదే అత్తను అడిగాను.

"నువ్వు హాల్ల కూసుంటివి గద బిడ్డా. నేను ఏడ్చిన్నా?"

"లేదత్తా."

"మరి గాయిన రాసిండని నీ కండ్లు అబద్ధమాడ్తయా?"

అత్త పెద్దల దగ్గర పట్టుబట్టి కోరుట్లలో వేషం తనకే ఉంచుకుంది. సారును ముఖ్య అతిథిగా పిలిపించింది కూడా. ఆయన శాలువా కప్పించుకొని ముందు వరుసలో దర్జాగా కూర్చున్నాడు. చివరి ఘట్టానికి ముందు అత్త వేషంతోనే వచ్చి చేతులు జోడించింది.

"సారూ, నా ఏడుపు బాగలేదని రాసిండ్రు. నేను యాడ ఏడ్చిన్నో జెర చెప్పుండ్రి, గీసారి దిద్దుకుంట."

"కొడుకు సచ్చిండని తెల్వంగనే..." అన్నాడు సారు.

ఆ నాటకం ముందే చూసిన మావాళ్లంతా గొల్లున నవ్వారు. బస్సుకు టైమైతుందని ఆనాడు జెర ముందే లేచిపోయానని ఆయన గొణిగాడు. నవ్వు ఇంకా పెరిగింది. నా కడుపు చల్లబడింది.

అత్త అంతటితో వదల్లేదు. "గిప్పుడైతే బస్సు లేదు గద సారూ. పురాగ సూడుండ్రి" అంది.

ఆ ఘట్టమంతా ఆయన ముఖంలోకే చూస్తూ ఆడింది. అంగీ మడతపెట్టి విప్పిన ప్రతిసారీ ఆయన కుర్చీలో కుంచించుకుపోయాడు. లేవలేడు, తల తిప్పుకోలేడు. ఆఖరికి అద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. నాకు వీసమెత్తు జాలి కలగలేదు.

లోపల రంగు కడుక్కుంటూ అత్త అడిగింది, "ఏడ్చిండా?"

"ఏడ్చిండు."

"మంచిగైంది."

తర్వాత ఆయన అత్తను పొగుడుతూ రాశాడు. అత్త దాన్ని చదవనివ్వలేదు. "నీకెట్ల అనిపిచ్చిందో నువ్వు జెప్పు" అని నన్నే అడిగింది.

ఇప్పుడు నాటకం చూసొస్తే ముందు నాకేమనిపించిందో మా మనవరాలికి చెప్పేస్తాను. ఆ తర్వాతే ఫోన్లో రివ్యూ చదవమంటాను. రెండూ కలవకపోతే నన్ను నేను అనుమానించుకోను. రాసినాయన ఏ సీను దగ్గర లేచిపోయాడో అని ఆలోచిస్తాను.