బావగారి మూడు రోజుల మాల

ఈ కార్తీకంలో అయ్యప్ప మాల వేయించుకోవడానికి మా వీధి గుడికి వచ్చిన తాపీమేస్త్రిని, ఇప్పుడు గురుస్వామిగా ఉన్న మా పెదనాన్నగారబ్బాయి, రోజుకెంత తాగుతావని అడిగి, ముందు ఆస్పత్రిలో చూపించుకుని రమ్మని పంపించేశాడు. నలుగురూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. పాతికేళ్ల క్రితం అదే ప్రశ్న వాళ్ల నాన్న నోట రాలేదు.

అప్పట్లో కాకినాడలో నర్సు ట్రైనింగు చదువుతున్న నేను సెలవులకి మండపేటలో అక్క ఇంటికి వెళ్లాను. బావగారిది రైసుమిల్లులో పని. మనిషి నెమ్మదస్తుడే గాని, పొద్దున్నే గొంతులో చుక్క పడకపోతే కాఫీ గ్లాసు కూడా పట్టుకోలేడు. నలభై ఒక్క రోజులు దీక్షలో ఉంటే తాగుడు అదే వదులుతుందని, అప్పట్లో ఆ ఊళ్లో గురుస్వామిగా ఉన్న పెదనాన్న భరోసా ఇచ్చి, అక్క ఏడుపు చూడలేక ఒప్పుకున్న బావగారి మెడలో మాల వేశారు. ఊళ్లో తాగుబోతులందరికీ ఆయన చేసే వైద్యం అదొక్కటే.

మర్నాటికే బావగారి చేతులు వణికాయి, నల్లపంచె చెమటకి తడిసిపోయింది, తిన్నది నిలవలేదు. చన్నీళ్ల స్నానం పడలేదన్నారు. మూడోనాటి ఉదయం, ఒంటిమీద లేని చీమల్ని దులుపుకుంటూ, ఎవరూ లేని గుమ్మంవైపు తిరిగి దండాలు పెడుతూ మాట్లాడసాగేసరికి, స్వామి ఆవహించాడని పెదనాన్న శరణుఘోష అందుకున్నారు. వీధివీధంతా వచ్చి బావగారి కాళ్లకి మొక్కింది. బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఇలాగే అవుతుందని, ఫిట్సు వస్తే ప్రాణానికే ముప్పని, వెంటనే ఆస్పత్రికి తీసుకెళదామని క్లాసులో విన్నదంతా చెప్పాను.

"ఏంటే, నాలుగు సూదులు పొడవడం నేర్చుకుని స్వామికే వైద్యం చెప్తావా? లెంపలేసుకుని కాళ్లకి దణ్ణం పెట్టు!" అని పెదనాన్న అందరిముందూ కసిరారు.

పెట్టాను.

మధ్యాహ్నం ఫిట్సు వచ్చాయి. హారతి వెలిగించమన్నారు పెదనాన్న. రెండోసారి వచ్చాక ఇక ఆయన మాట వినకుండా మిల్లు వ్యానులో ఎక్కించాం గాని, ఆస్పత్రి గుమ్మందాకా ప్రాణం నిలవలేదు. పదకొండోనాడు పెదనాన్న అక్క ఎదుట కూర్చుని, "మాలలో పోయాడమ్మా, అదృష్టవంతుడు" అన్నారు. ఆ మాటకి నేనాయన్ని ఈనాటికీ క్షమించలేదు; ఆయన పోయినప్పుడు చూడడానికైనా వెళ్లలేదు.

కాలం మారింది. ఇప్పుడు అడుగుతున్నారు, ఆస్పత్రికి పంపిస్తున్నారు, ఆ మేస్త్రి బతుకుతాడు. మంచిదే. ఇన్నేళ్లూ తప్పంతా పెదనాన్నదేనని తిట్టుకుంటూ బతికాను. కానీ ఆరోజు వంగి దణ్ణం పెట్టినప్పుడు నా చేతుల కింద బావగారి పాదాలు చెమటతో తడిసి, గజగజ వణుకుతున్నాయి. ఆ వణుకు ఏమిటో ఆ ఇంట్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.