నీలం తాడు దొడ్డి

ఎవారిస్తో మావయ్య ఏ మేకనూ చేత్తో నిమరడు. పుట్టినప్పటి నుంచీ మేకల మధ్యే బతికిన మనిషికి ఇదేం అలవాటని మెక్సికోలో మా సకతేకాస్ వైపు కొత్తగా వచ్చినవాళ్లు వింతపోతారు. మా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య నాగజెముడు కంచె ఒక్కటే అడ్డం కాబట్టి నాకు కారణం తెలుసు.

ఆయన ఊరి చివర యూనివర్సిటీవాళ్ల మేకల కేంద్రంలో కాపరి. పదకొండేళ్ల క్రితం ఓఫెలియా అనే విద్యార్థిని పరిశోధన కోసం అక్కడికి పన్నెండు మేకపోతులను తెప్పించింది. దాణాలో జింకు కలిపితే పోతుల వీర్యం మెరుగుపడుతుందా అన్నది ఆమె ప్రశ్న. ఆరింటిని ఒక దొడ్డిలో, ఆరింటిని పక్క దొడ్డిలో పెట్టారు. ఒకదాని దాణా బస్తాలకు ఎర్ర తాడు, రెండోదాని బస్తాలకు నీలం తాడు. జింకు ఎందులో ఉందో మావయ్యకు చెప్పలేదు. ఏ తాడు బస్తా ఆ దొడ్డికే వెయ్యమన్నారు. వారానికోసారి ఆమె వీర్యం పట్టి మైక్రోస్కోపు కింద చూసేది. ఆఖరున పన్నెండింటినీ కోసి వృషణాలు తూచి చూడాలి.

మూడోవారంలో నీలం తాడు దొడ్డిలోని పోతులు మట్టిగోడను నాకడం మొదలుపెట్టాయి. మా వైపు మేక గోడ నాకిందంటే, ఒంట్లో తక్కువైనదాన్ని కాపరిని అడుగుతున్నట్టే. చూసి ఊరుకున్నవాడిని మనిషి కింద జమకట్టరు. పక్క దొడ్డి పోతుల బొచ్చేమో నిగనిగలాడుతోంది. ఎర్ర తాడు బస్తాలో ఏదో మంచి ఉందని మావయ్యకు అర్థమైంది. రోజూ పొద్దున్నే అందులోంచి ఆరు గుప్పిళ్లు తీసి, నీలం తాడు పోతులకు ఒక్కొక్కదానికీ అరచేతిలోనే తినిపించాడు. నాకడం ఆగిపోయింది.

లెక్కలు తేలేసరికి రెండు దొడ్లకూ తేడా లేదు. జింకు వల్ల ఉపయోగం లేదని ఓఫెలియా రాసింది. కోత రోజున నీలం తాడు పోతులను తోలాల్సిన పని కూడా లేకపోయింది. మావయ్య చెయ్యి వెతుక్కుంటూ అవే ఆయన వెంట నడిచాయి.

ఆ తర్వాతే ఖాళీ దొడ్డిలోంచి ఆయనకు చప్పుడు వినపడసాగింది. పట్టపగలు, గరుకు నాలుక మట్టి మీద రాసుకుంటున్న చప్పుడు. గోడలో ఆరు గుంటలు మిగిలాయి. మట్టి మెత్తి పూడ్చాడు. ఎండలకు అది రాలిపోయి గుంటలు మళ్లీ తేలాయి.

“పొయ్యి మీద చిక్కుళ్లు మాడుతున్నాయని మొత్తుకున్నా వినపడదు గానీ, లేని మేకపోతు నాకితే వినపడుతుందా నీకు?” అని చోలె అత్త దెప్పేది.

ఒకసారి నేనూ వెళ్లి ఒక గుంటలో చెయ్యి పెట్టబోయాను. తడి తగులుతుందేమోననిపించి వెనక్కి తీసుకున్నాను.

ఆయన నోరు విప్పనిది ఉద్యోగం పోతుందని కాదు. చెబితే పరీక్ష మళ్లీ చేస్తారు, మళ్లీ పన్నెండు పోతులు వస్తాయి. ఆ పాపం ఒకసారికి చాలనుకున్నాడు.

పోయిన చలికాలంలో ఓఫెలియా ఆ కేంద్రానికే పెద్దగా వచ్చింది. చుట్టుపక్కల మేకలవాళ్లను పిలిచి మాట్లాడుతుంటే, ఫిలెమోన్ అనే ముసలాయన లేచి, తన పోతు గోడ నాకుతోందని, ఆడమేకలకు చూలు నిలవడం లేదని, జింకు పెట్టమంటారా అని అడిగాడు. తను స్వయంగా పరీక్షించి చూశానని, జింకు దండగని ఆమె చెప్పింది. ముసలాయన తలూపి కూర్చున్నాడు.

అందరూ వెళ్లేదాకా మావయ్య గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

“డాక్టరమ్మా, ఆ నీలం తాడు పోతులకు నేను పెట్టాను.”

“ఏం పెట్టారు?”

“ఎర్ర తాడు బస్తాలోది. తలా గుప్పెడు. రోజూ.”

ఆమె సర్దుతున్న కాగితాలు బల్ల మీద పెట్టేసిందట.

“ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు, దోన్ ఎవారిస్తో?”

“చెబితే మళ్లీ మొదలుపెడతారుగా.”

“పెట్టక తప్పదు. లేకపోతే ఆ పన్నెండూ ఊరికే చచ్చినట్టు.”

ఈసారి మేత పని వేరేవాళ్లకు అప్పగిస్తానంది. ఆయన ఒప్పుకోలేదు.

“కొత్తవాడికీ జాలేస్తుందమ్మా. నాకైతే జాలిపడితే ఏమవుతుందో తెలుసు.”

మార్చిలో పోతులు వచ్చాయి. అదే దొడ్డి, అదే గోడ. నాలుగోవారంలో నాకడం మొదలైంది. మావయ్య రోజూ లోపలికి వెళ్లే ముందు కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటాడు, చెమట ఉప్పు కూడా వాటి నాలుకకు తగలకుండా. దాణా వేసి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాడు. పోతులు ఆయన చొక్కా అంచు వాసన చూసి, గోడ వైపు తిరిగి పోతాయి.

నిన్న పొద్దున అటుగా వెళ్తూ ఆగాను. ఆయన తల తిప్పకుండానే అడిగాడు.

“నీకూ వినపడుతోందా?”

అవునన్నాను. దొడ్డిలో ఉన్నవి ఆరు పోతులే. ఎన్ని నాలుకలని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.