వాకిలికే కాదు, ఊపిరికీ కళ్ళాపి

మా బడిలో చాలా ఏళ్ళు హెడ్ మేడమ్‌గా ఉన్నామె పోయింది. బడిలో వంట చేసే ఆమె మా వాకిట్లో నిలబడి ఆ మాట చెప్పింది. "చిక్కబళ్ళాపురంలో, ఆస్పత్రికి పొయ్యేలోపలే అంట."

నేను మొదట అడిగింది ఇది: "ఊపిరి జబ్బా?"

"కాదప్పా, గుండె."

ఆ మాటతో నాకు ఊపిరి తిరిగింది. తిరిగినందుకు సిగ్గేసింది.

నేను అప్పట్లో ఆ బడికి జవానుని. చాకవేలు పక్కన పల్లె బడి. గంట కొట్టడం, తలుపులు తీయడం, ఊడ్వడం నా పని. మాటలు తక్కువ. మేడమ్ బాగేపల్లి నుంచి బస్సులో వచ్చేది. రాగానే కొంగు దోపుకొని నల్లబల్లను తడిగుడ్డతో తుడిచేది, డస్టరు దులపనిచ్చేది కాదు. ఫ్లాస్కులో కాఫీ తెచ్చుకునేది. మూతలో తనకు, గ్లాసులో నాకు. ఎక్కువ భాగం గ్లాసుకే వచ్చేది.

ఒకసారి చిక్కబళ్ళాపురంలో ఏదో తరబేతికి, అదే టీచర్ల ట్రైనింగుకు, పోయి వచ్చి, టీచర్లను, వంటామెను, నన్ను వసారాలో కూర్చోబెట్టింది. పైకి చూపించింది.

"మన నెత్తిన ఉండేవి సిమెంటు షీట్లు. వాటిలో ఆస్‌బెస్టాస్ అనే నార ఉండాది. షీటు బాగుంటే భయపడే పని లేదు. కోసినా, తూటు వేసినా, పగిలినా ఆ నార పొడి అయి లేస్తాది. కంటికి కనపడదు. ఈ పొద్దు పీలిస్తే ఈ పొద్దు ఏమీ కాదు. ముసలితనంలో తెలుస్తాది."

లెక్కల సారు నవ్వినాడు. "అప్పటికి పింఛను వస్తాంటాది మేడమ్, దాంతో చూపించుకుంటాం."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, "పిల్లోల్లకు పింఛను యాడిది సార్?" అనింది.

పగిలిన చోట పొరకతో ఊడ్వద్దనింది. నాకు అర్థం కాలేదు. ఊడ్వకుంటే జవాను ఎందుకు? నా మొహం చూసి అడిగింది. "ఏమప్పా, మీ ఇంట్లో కళ్ళాపి చల్లకుండా వాకిలి ఊడుస్తారా?"

"లేదమ్మా. దుమ్ము లేస్తాది."

"అంతే. కళ్ళాపి వాకిలికే కాదప్పా, ఊపిరికి కూడా. పగిలితే నువ్వు ముట్టుకోవద్దు. తలుపు మూసి నాకు చెప్పు. ఈ పని తెలిసినోల్లు వచ్చి, తడిపి, కవర్లో చుట్టి తీసకపోవల్ల."

ఆ వానాకాలం కోతులు దూకి తొమ్మిదో తరగతి గది షీటు పగిలింది. నేను తలుపు తీసేసరికి కంతలోంచి ఎండ పడుతోంది. ఆ ఎండలో తెల్లటి పొడి ఆడుతోంది. బల్లల మీదంతా అదే. తలుపు మూసి చెప్పాను. ఆమె తాళం వేసి ఆఫీసుకు అర్జీ పెట్టింది. వారాలు గడిచినా ఎవరూ రాలేదు. పిల్లలు వసారాలో జల్లుకు తడుస్తూ కూర్చున్నారు.

గది తెరవమని ఊరివాళ్ళు కట్టకట్టుకొని వచ్చారు. అందరికీ ముందర ఊరి అంగడాయన. "మా ఇండ్లన్నీ ఈ షీట్ల కిందే కదమ్మా. మా నాయన వాటి కిందే పండుకొని పండు ముసిలోడై పోయినాడు. మేము చచ్చినామా?"

"బాగుండే షీటు గురించి కాదప్పా నేను చెప్పేది. ఇది పగిలిండాది." ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పప్పా. గదిలో ఏం చూసినావు?"

నేను చూసింది నాకు తెలుసు. ఒక్క మాట చాలు. కానీ వాళ్ళంతా మా ఊరివాళ్ళు. నలుగురిలో నోరు తెరిచి ఎరగను. తల దించుకున్నాను.

"చూడమ్మా, నీ జవానే ఒప్పుకోల్యా!" అన్నారెవరో. నవ్వులు.

ఆదివారం వాళ్ళే సుత్తెలు తెచ్చి, తాళం పగలగొట్టి, ఆ షీటును కొట్టి కిందికి రాల్చి కొత్తది వేశారు. చుక్క నీళ్ళు చల్లలేదు. సోమవారం మొదటి బస్సుకే మేడమ్ వచ్చింది. పిల్లలు వచ్చేలోపల బల్లలు తుడవాలని నేను గడప దాటబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దప్పా. రోజూ దుమ్ములో ఉండేది నువ్వు. నీకు చాల్లే. నీళ్ళు మాత్రం అందియ్యి."

ముక్కుకు కొంగు కట్టుకొని ఒక్కతే బల్ల బల్లా తడిగుడ్డతో తుడిచింది. ఆ కొంగు చాలదని మాకు చెప్పింది ఆమెనే. నేను గడప ఇవతల బకెట్లు మోస్తూ నిలబడ్డాను.

ఆ రోజు కూడా కాఫీ పోసింది. గ్లాసుకే ఎక్కువ. నా మౌనం గురించి ఒక్క మాట అనలేదు, ఆ రోజే కాదు, ఎప్పుడూ. ఒకసారి తిట్టుంటే బాగుండేది.

రిటైరై చిక్కబళ్ళాపురం పోయినాక అప్పుడప్పుడు ఫోన్ చేసేది. "దగ్గేమన్నా ఉండాదా అప్పా?" అని అడిగేది. లేదమ్మా అనేవాణ్ణి. మీకుందా అని నేను తిరిగి అడగలేదు. ఉందంటే ఏం చెయ్యాలో తెలియక.

మొన్న బడిలో ఆమెకు సంతాప సభ పెట్టారు. నేను ముందుగానే పోయాను. వసారాలో నిచ్చెన మీద కరెంటు పనాయన నిలబడి ఉన్నాడు, చేతిలో డ్రిల్లు మిషను. పై షీటుకు తూటు వేసి, తాడు దింపి, పూలమాలతో ఫోటో వేలాడదీయాలంట. కింద ఆ అంగడాయనే నిచ్చెన పట్టుకొని ఉన్నాడు.

"ఆపప్పా!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఏమి తాతా?"

"ఆ షీటుకు తూటు ఎయ్యద్దు. ఆ పొడి పిల్లోల్ల మీద పడతాది. ఆమె వద్దనింది. అప్పుడు గదిలో నేను చూసినా. ఆమె చెప్పింది నిజం."

వంటామె బియ్యం చేట పట్టుకొని బయటికి వచ్చింది. "జవానప్పకు నోరుండాదా?" అనింది. అంగడాయన తలెత్తి షీటును చూశాడు. నిచ్చెన తట్టి, "దిగప్పా" అన్నాడు పనాయనతో.

ఫోటోకు వేరే చోటు దొరకలేదు. మేడమ్ కూర్చునే పాత కుర్చీ తెచ్చి దాని మీద ఆనించారు. నేను ముందర నీళ్ళు చల్లి ఊడ్చి, వెనక్కి పోయి స్తంభం పక్కన నిలబడ్డాను. ఎవరో నా పేరు పిలిచి, ఆమె గురించి రెండు మాటలు చెప్పమన్నారు. అందరూ తిరిగి చూశారు. ఎప్పటిలా తల దించుకున్నాను.

ఫోటో కుర్చీ మీద, కిందనే ఉంది కదా. నా చూపు నేరుగా పోయి ఆమె కళ్ళలో పడింది.