నిండుగా ఉంటే మంచి బండి

2010 వేసవిలో నన్ను జనగామ బస్సు డిపోకు గ్యారేజీ సూపర్‌వైజర్‌గా బదిలీ చేశారు. బయటివారికి ఈ హోదా గురించి పెద్దగా తెలియదు. డిపో మేనేజరు కింద ఒక ఇంజనీరు, ఆయన కింద షిఫ్టుకొక సూపర్‌వైజరు ఉంటారు. బస్సు గేటు దాటే ముందు బండి సరిగా ఉందని సంతకం చేసేది సూపర్‌వైజరే. డ్యూటీ దిగిన ప్రతి డ్రైవరూ ఆ రోజు బండిలో కనిపించిన లోపాలను గ్యారేజీలో చెప్పి వెళ్ళాలి. కొందరు ఏమీ చెప్పరు. కొందరు లేనివి కూడా చెబుతారు. బానోత్ సోమ్లా చెప్పింది మాత్రం సరిగ్గా అక్కడే, అలాగే ఉండేది. అతనిది గూడూరు దగ్గర ఒక తండా. మేం స్నేహితులమని చెప్పుకునేంత కలివిడి మా మధ్య లేదు. అతను చెప్పిన లోపం గురించి నేను రెండోసారి అడిగే అవసరం ఎన్నడూ రాలేదు. మా వృత్తిలో అది స్నేహం కన్నా తక్కువేమీ కాదు.

మరుసటి ఏడాది సెప్టెంబరులో తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు డిపోలోనే నిలిచిపోయాయి. మేమందరం ఇష్టంగానే సమ్మెలో ఉన్నాం. మా పట్టణంలోని ఉద్యమ కమిటీ ఊరూరా తిరగడానికి భూపాలపల్లిలో ఒక పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు కొన్నది. నడపడానికి సోమ్లా ముందుకు వచ్చాడు. వారం తిరక్కముందే అతను మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"సార్, గా జీపు అందరుంటె మంచిగ పోతది. నేనొక్కన్నే ఉంటె తొవ్వ మీద నిలబడ్తలేదు. స్టీరింగు నా మాట ఇంటలేదు" అన్నాడు.

కమిటీ కన్వీనరు ఒక జూనియర్ కాలేజీ లెక్చరర్. మంచి వక్త. నేను బండి చూడాలన్నానని తెలిసి నవ్వుతూ వచ్చాడు, వెంట మరో ఆరుగురు. అందరం ఎక్కి నర్మెట్ట రోడ్డు మీద కొంత దూరం వెళ్ళి వచ్చాం. బండిలో ఏ లోపమూ కనిపించలేదు. వెనుక సీటులోంచి కన్వీనరు, "సోమ్లా, గంత పెద్ద బస్సు నడిపినోనివి, గీ బుడ్డ జీపుకు పరేషానైతున్నవా?" అన్నాడు. ఇంకొకాయన, "ఒక్కడే ఉంటె పక్కకు దయ్యమొచ్చి కూసుంటదేమో" అన్నాడు. సోమ్లా కూడా నవ్వి, "దయ్యమైనా కూసుంటె బరువుంటుండె గదనే, బండి సక్కగ పోతుండె" అన్నాడు.

అందరినీ దిగమని చెప్పి అదే రోడ్డు మీద నేనొక్కణ్ణే నడిపాను. ఒక మోస్తరు వేగం అందుకునేసరికి ముందు చక్రాలు తేలిపోతున్నట్టు అనిపించింది. మలుపు తిరిగాక స్టీరింగు వెనక్కి రాలేదు, నేనే తిప్పి తేవలసి వచ్చింది. కంకర తేలిన చోట బ్రేకు తొక్కితే వెనుక భాగం ఎగిరి పక్కకు జరిగింది. సోమ్లా చెప్పిన దాంట్లో ఒక్క ముక్క ఎక్కువ లేదు.

జీపు కింద పడుకుని చూస్తే కారణం తెలిసింది. భూపాలపల్లిలో ఆ బండి బొగ్గు గనుల కూలీలను, జాతర రోజుల్లో భక్తులను మోసేది. పదిహేను మంది ఎక్కితే గాని కదిలేది కాదు. ఆ బరువుకు కుంగకుండా వెనుక కమాన్ పట్టీలకు, అంటే బండిని మోసే వంపు ఉక్కు పట్టీలకు, పాత యజమాని అదనపు పట్టీలు కలిపించాడు. అడవి దారుల్లో అడుగు భాగం రాళ్ళకు తగలకుండా ముందు పట్టీలను పట్టి ఉంచే షాకిళ్ళు తీసి పొడవైనవి వేయించాడు. ఎత్తు పెరిగింది. షాక్ అబ్సార్బర్లు మాత్రం పాతవే. ఖాళీ బండిలో అవి పూర్తిగా సాగిపోయి, ఇక పని చేయడానికి జాగా లేకుండా ఉన్నాయి.

ముందు చక్రాలు తిరిగే ఇరుసు పైభాగం కొద్దిగా వెనక్కి వాలి ఉండాలి. ఆ వాలును కాస్టర్ అంటాం. మలుపు తర్వాత స్టీరింగు తనంతట తాను నేరుగా రావడానికి కారణం అదే. పొడవైన షాకిళ్ళు ఆ వాలును తగ్గించాయి. వెనుక జనం కూర్చుంటే బండి వెనక్కి కుంగి వాలు మళ్ళీ వస్తుంది. జనం దిగితే వెనుక లేచి, ముక్కు వంగి, వాలు పోతుంది. అంటే ఆ జీపు పదిహేను మందికి సరిపోయేలా, ఒక్క మనిషికి పనికిరాకుండా తయారైంది. ఎక్కిన వాళ్ళెవరికీ దాని లోపం ఏనాడూ అనుభవంలోకి రాదు. ఖాళీ బండిలో ఉండేది డ్రైవరొక్కడే.

కన్వీనరుకు ఇదంతా వివరించాను. అదనపు పట్టీలు తీయించి, ముందు వైపు పాత కొలత షాకిళ్ళు వేయిద్దామని, ఎనిమిది మందికి మించి ఎక్కించవద్దని చెప్పాను. వరంగల్‌లో రెండు మూడు రోజుల పని. ఆయన ఓపికగానే విన్నాడు.

"ఉద్యమంల మందిని లెక్కపెట్టి ఎక్కిచ్చుకుంటమా సాబ్? ఎత్తు తగ్గిస్తె జనానికి మేమెట్ల కనబడాలె? సమ్మె అయినంక తీరిగ్గ చేయిద్దాం" అన్నాడు.

బండి వాళ్ళది. నేను చేయగలిగింది ఒక్కటే మిగిలింది. ఇసుక సంచులు కుట్టించి, వెనుక ఇరుసుకు పైన, రెండు సీట్ల నడుమ అడుగున పరిచి, తీగతో బిగించాను. మళ్ళీ ఒక్కణ్ణే నడిపి చూశాను. స్టీరింగు తిరిగి వస్తోంది. పూర్తిగా సరైన పని కాకపోయినా మనిషిని ఇంటికి చేర్చే పని. అందరూ దిగినా ఈ సంచులు దిగకూడదని సోమ్లాకు, కన్వీనరుకు ఎదురెదురుగా నిలబెట్టి చెప్పాను. సోమ్లా సంచుల మీద చెయ్యి వేసి, "గీ ప్యాసింజర్లు మంచోళ్ళు సార్, తొవ్వల ఆపమనరు" అన్నాడు. కాళ్ళకు అడ్డమని సభ్యులు సణిగేవారట. అయినా కొన్ని రోజులు సంచులు బండిలోనే ఉన్నాయి.

అక్టోబరులో మహబూబాబాద్ దగ్గర రాస్తారోకో జరిగింది. ఆ రోజు నేను అక్కడ లేను. జరిగింది తర్వాత కన్వీనరే చెప్పాడు, దాచవలసిందేదో అందులో ఉందని ఆయనకు తోచనే లేదు. రోడ్డుకు అడ్డంగా పెట్టడానికి రాళ్ళు చాలకపోతే జీపులోని తీగ విప్పి ఇసుక సంచులు దింపించాడు. మధ్యాహ్నం గూడూరు నుంచి ఇంకో జట్టును తీసుకురమ్మని సోమ్లాను పంపాడు. సంచులు మళ్ళీ వేసుకుంటానని సోమ్లా అడిగాడట.

"గిప్పుడు గవి తీస్తె పోలీసోళ్ళు బండ్లను వదుల్తరు. అరగంట తొవ్వ, జర మెల్లగ పోరాదే అన్నా" అని కన్వీనరు సమాధానం.

సోమ్లా మెల్లగానే పోయాడు. వెనుక ఆటోలో వస్తున్న వాళ్ళు అదే చెప్పారు. గూడూరు ఇంకా రాకముందే, ఒక కల్వర్టు దగ్గరి మలుపులో బర్రె అడ్డం వచ్చింది. అతను బ్రేకు తొక్కాడు. జీపు వెనుక భాగం ఎగిరింది, ముందు చక్రాలు తిప్పిన వైపే ఉండిపోయాయి. కల్వర్టు పక్కన బోల్తా పడింది. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. బర్రెకు ఏమీ కాలేదు.

మర్నాడు నేను మహబూబాబాద్ వెళ్ళేసరికి సంచులు ఇంకా రోడ్డు పక్కనే ఉన్నాయి. నేను కట్టిన తీగ ముక్క ఒకదానికి వేలాడుతోంది.

జీపును పరీక్షించిన అధికారి బ్రేకులు పనిచేస్తున్నాయని, స్టీరింగులో ఏదీ విరగలేదని తేల్చారు. కాస్టర్ గురించి చెప్పాను. బోల్తాపడి ముందు ఇరుసు వంగింది కాబట్టి అంతకుముందు ఎంత వాలు ఉండేదో ఇప్పుడు కొలవలేమన్నారు. ఆయన అన్నది నిజమే. బండిలో లోపం లేదని తేలాక లోపం మనిషిది కావాలి. సంతాప సభలో సోమ్లాను అమరుడన్నారు. వేదిక దిగాక అదే మనుషులు తాగి నడిపాడన్నారు. తండా మనిషి గురించి అలా అనడానికి ఎవరికీ సాక్ష్యం అవసరం పడలేదు. పదమూడేళ్ళ ఉద్యోగంలో అతను తాగి గ్యారేజీకి రావడం ఎవరూ చూడలేదని నేను కన్వీనరుతో అన్నాను. "గయ్యన్నీ ఇప్పుడెందుకు సాబ్, అమరుల జాబితాల పేరున్నది గదా" అన్నాడు.

కర్మకాండ అయ్యాక తండాకు వెళ్ళాను. సోమ్లా భార్య మంగ్లి లోపలి వాళ్ళతో తమ భాషలో ఏదో చెప్పి బయటికి వచ్చింది.

"అన్నా, బండ్ల సంగతి నీకెరుక. మా ఆయన తాగి నడిపిండా?" అని అడిగింది.

లేదన్నాను. బండి ఖాళీగా ఉండటమే కారణమని చెప్పాను.

"ఎక్కువ మంది ఉంటె పడ్తయి గని, ఖాళీ బండి పడ్తదా?"

రెండోసారి వివరంగా చెప్పాను. ఆమె శ్రద్ధగా విని అంది: "గట్లయితె, వాళ్ళెక్కినప్పుడు మంచిది. ఈన ఒక్కడున్నప్పుడు చెడ్డది."

నేను ఇంజనీరింగు భాషలో ఎంత చెప్పినా దానికి మించి ఏమీ లేదు.

జీపుకు ఇరుసు మార్చి, రేకులు సరిచేయించారు. పట్టీలు, షాకిళ్ళు ముట్టుకోలేదు. తర్వాత భూపాలపల్లి సభకు అది నిండుగా వెళ్ళింది. బాగానే నడిచిందని చెప్పుకున్నారు. రాష్ట్రం వచ్చింది. నేనూ కోరుకున్నదే, సంతోషించాను. సోమ్లా పేరు ఇప్పుడు ఒక రాతి మీద ఉంది. ఎలా చనిపోయాడో అక్కడ లేదు.

సమ్మె ముగిసి డిపో తెరిచాక, పదవీ విరమణ వరకు ఒక పద్ధతి పాటించాను. కమాన్ పని జరిగిన ఏ బస్సునైనా ఖాళీగా, ఒక్కణ్ణే నడిపి చూడకుండా సంతకం చేయలేదు. ఎక్కిన వాళ్ళకు బండి గురించి తెలిసేది సగమే. మిగతా సగం కావాలంటే అందరినీ దింపి ఖాళీ బండితో తిరిగి వచ్చే డ్రైవరును అడగాలి. సోమ్లా అడగకముందే చెప్పాడు.