నీళ్ళలో నిద్ర చేయని జాయింటు

చండ్రుగొండ సెంటర్ దాటి కొత్తగూడెం వైపు పోయే రోడ్డు మీద, పంచర్ షాపు పక్కన ఒక రేకుల షెడ్డు ఉండేది. పైన బోర్డు మీద ‘జయరాజ్ మోటార్ వైండింగ్ వర్క్స్’ అని రాసి ఉండేది. జయరాజ్ పోయి ఏళ్ళయినా బోర్డు మార్చలేదు. లోపల స్టూలు మీద కూర్చుని రాగి తీగ చుట్టేది ఆయన భార్య సంపూర్ణ. కొత్తగా మోటరు తెచ్చిన రైతు గుమ్మంలో నిలబడి, మేస్త్రి లేడా అమ్మా అని అడిగేవాడు. ఉన్నడు, దించుండ్రి అనేది. మోటరు దింపాక తనే పానా తీసుకుని బోల్టులు విప్పడం మొదలుపెట్టేది. ఆ రైతు రెండోసారి వచ్చినప్పుడు మేస్త్రి గురించి అడిగేవాడు కాదు.

ఆ పని ఆమె ఏ బడిలోనూ నేర్చుకోలేదు. పెళ్ళయిన కొత్తలో భర్తకు క్యారేజీ తెచ్చి, ఆయన తినేదాకా ఊరికే కూర్చోలేక కాలిపోయిన కాయిళ్ళ నుంచి తీగ లాగుతూ ఉండేది. ఏ తీగ ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో మెల్లగా చేతికే తెలిసింది. జయరాజ్ మాటలు తక్కువ మనిషి. పని దగ్గర ఆయన చెప్పిన కొద్ది మాటల్లో ఒకటి మాత్రం ఆమెకు కంఠతా వచ్చిన వాక్యంలా మిగిలిపోయింది. జాయింటు ఒక రాత్రి నీళ్ళల్ల నిద్ర చేయాలె.

బోరులోకి దించే మోటరు ఎప్పుడూ నీళ్ళలోనే ఉంటుంది. పైనుంచి వచ్చే కేబులును మోటరు తీగలకు కలిపే చోటే జాయింటు. రాగిని మెలిపెట్టి, టంకం వేసి, రబ్బరు టేపు సాగదీసి చుట్టి, దాని మీద మళ్ళీ నల్ల టేపు చుట్టాలి. ఎవరు చుట్టినా పైకి ఒకేలా కనిపిస్తుంది. మంచిదో చెడ్డదో కంటికి తెలియదు, నీళ్ళకే తెలుస్తుంది. అందుకని మొక్కుకున్నవాళ్ళు గుడిలోనో దర్గాలోనో ఒక రాత్రి నిద్ర చేసినట్టు, ఆ షెడ్డులో ప్రతి జాయింటూ మూలనున్న నీళ్ళ డ్రమ్ములో ఒక రాత్రి ఉండేది. తెల్లారి బల్బు కలిపి చూసేవాళ్ళు. బల్బు వెలగకపోతే మోటరు బయటికి పోతుంది. వెలిగిందంటే కరెంటు నీళ్ళలోకి కారుతున్నట్టే. విప్పి మళ్ళీ చేయాల్సిందే.

జయరాజ్ పోయింది అలా కారే కరెంటు వల్లే. ఆయన చేసిన జాయింటు కాదు. ఎవరో రైతు నాట్ల తొందరలో గట్టు మీదే టేపు చుట్టి దించేశాడు. మోటరు సరిగా నీళ్ళు పోయడం లేదని పిలిస్తే చూడటానికి వెళ్ళి, తడి నేల మీద నిలబడి ఇనుప పైపు మీద చెయ్యి వేశాడు. సంపూర్ణ ఆ రైతును తిట్టలేదు, కేసు పెట్టలేదు. షెడ్డు తలుపు తీసి డ్రమ్ము కడిగి కొత్త నీళ్ళు నింపింది. ఆ తర్వాత ఎంత పెద్దమనిషి వచ్చి ఎంత తొందరపెట్టినా ఆ రాత్రిని మాత్రం ఎవరి కోసమూ వదులుకోలేదు.

ఒక్కసారి వదులుకుంది. ప్రపంచం మునిగిపోతుందని టీవీల వాళ్ళు చెప్పినప్పుడు.

అది రెండు వేల ఎనిమిది, సెప్టెంబరు. వినాయకుడి పందిళ్ళు ఇంకా ఊళ్ళోనే ఉన్నాయి. ఎక్కడో ఫ్రాన్సు, స్విట్జర్లాండు దేశాల కింద భూమిలో గుండ్రటి సొరంగం తవ్వి, అందులో పెద్ద యంత్రం పెట్టారట. అణువు లోపలి కణాలను ఎదురెదురుగా పరిగెత్తించి గుద్దిస్తారట. బుధవారం మొదలుపెడతారట. అప్పుడు ఒక కృష్ణబిలం పుట్టి భూమిని లోపలికి పీల్చేస్తుందని ఒక చానెల్, అలాంటిదేమీ లేదంటూనే భూమి బొగ్గు ముద్దలా ముడుచుకుపోయే బొమ్మను మళ్ళీ మళ్ళీ చూపిస్తూ ఇంకో చానెల్. కొత్తగూడెంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే కూతురు బ్లెస్సీ సోమవారమే ఇంటికి వచ్చేసింది. పెద్ద పెద్ద సైంటిస్టులు కూర్చుని లెక్కలు చూసి భయం లేదని చెప్పారనీ, కొందరు దాన్ని ఆపమని కోర్టులకు కూడా పోయారనీ తల్లికి తనే వివరించింది. మరి నువ్వెందుకొచ్చినవ్ అంటే, హాస్టల్ సగం ఖాళీ అయిందమ్మా, అంది.

ఊళ్ళో కొందరు పత్తికి మందు కొట్టడం మానేశారు. గుడ్లు పొదుగుతున్న కోళ్ళు కూడా కూరయిపోయాయి. పందిరి దగ్గర పిల్లలు నిమజ్జనం మంగళవారమే చేసేద్దామని పట్టుబట్టారు. పంచర్ షాపు పిచ్చయ్య నవ్వాడు.

“లోకమే మునుగుతుంటే గణపతిని మీరు ప్రత్యేకంగ ముంచుడేందిరా?”

నవ్వాడే కానీ, ఆ మంగళవారం అతనూ మధ్యాహ్నానికే షాపు మూసి అత్తగారి ఊరు పోయాడు.

ఆ మధ్యాహ్నమే కమ్లి వచ్చింది. కమ్లిది అడవి అంచున ఉన్న తండా. తండాకంతా ఒక్కటే మంచినీళ్ళ బోరు. దాని మోటరు కాలిపోతే అంతకుముందు వారమే తెచ్చి ఇచ్చారు. అప్పటినుంచి తండావాళ్ళు వాగు నీళ్ళే తాగుతున్నారు. వానలకు వాగు ఎర్రగా పారుతోంది. పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. తండా పెద్ద పూల్‌సింగ్ మనవణ్ణి దవాఖానాలో పెట్టి సెలైన్ ఎక్కించి తెచ్చారు.

మోటరు చుట్టడం అయిపోయింది. సంపూర్ణ అప్పుడే జాయింటుకు టేపు చుడుతోంది. రేపు పొద్దున రమ్మంది. కమ్లి కదల్లేదు. ఆటో బయటే ఆపి ఉంది, మోటరు ఎత్తడానికి తండా మగవాళ్ళు కూడా వచ్చారు.

“రేపు ఉంటమో పోతమో అక్కా. గా ఒక్క పూటన్న పిల్లలకు మంచినీళ్ళు తాపనియ్యి.”

సంపూర్ణ డ్రమ్ము వైపు చూసింది. చర్చిలో అప్పటికే ఉపవాస ప్రార్థన మొదలైంది, మైకులో పాట వినిపిస్తోంది. బ్లెస్సీ చీర మార్చుకుని, తల్లి కోసం బైబిలు చేత పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. భయం లేదని చెప్పిన పిల్లే, మాటిమాటికీ ఆకాశం వైపు చూస్తోంది. సంపూర్ణ లోకం మునుగుతుందని ఎవరితోనూ అనలేదు. కానీ మునిగే మాటే నిజమైతే ఈ రాత్రి కూతురు పక్కన ఉండాలి, ఈ పిల్లల నోట్లో మంచినీళ్ళు పడాలి అనుకుంది. రేపే లేకపోతే, రేపు పొద్దున చూసే బల్బు దేనికి?

చివరి చుట్లు జల్దీ జల్దీగా వేసింది. గాలిలో తేమ ఉంది, వేళ్ళు చెమటగా ఉన్నాయి. టేపు కొస తుంచి బొటనవేలితో అదిమి, తీస్కపో అంది.

బుధవారం ఎప్పటిలాగే తెల్లారింది. పాలవాడు వచ్చాడు. బొగ్గు లారీలు పోతున్నాయి. సంపూర్ణ షెడ్డు ఊడ్చి మూలకు వచ్చేసరికి డ్రమ్ము కనిపించింది. నిండా నీళ్ళు, లోపల ఏమీ లేదు. చీపురు అక్కడే వదిలేసింది. లోకం ఉంది. మోటరు బోరులో ఉంది. తండాలో పిల్లలు పైపు చుట్టూ ఉంటారు.

బల్బు, రెండు తీగలు, టేపు చుట్టలు సంచిలో వేసుకుని, షేర్ ఆటో పట్టుకుని తండాకు పోయే మలుపు దగ్గర దిగింది. అక్కడినుంచి టేకు చెట్ల మధ్య బురద దారి. చెప్పులు చేత పట్టుకుని నడిచింది. దారంతా ఒకటే ఆలోచన, కరెంటు వచ్చి ఉంటుందా అని. తండాకు కరెంటు వంతుల మీద వస్తుంది. ఆ వారం వాళ్ళకు ఏ వంతో ఆమెకు తెలియదు.

తండావాళ్ళు కొత్త బట్టలు కట్టుకుని ఉన్నారు. నిన్న సాయంత్రమే మోటరు దించేశారు. కరెంటు కోసం బిందెలు వరస పెట్టి కూర్చున్నారు. కమ్లి చిన్న కొడుకు ఇనుప పైపును రెండు చేతులా పట్టుకుని, దాని చుట్టూ గిర్రున తిరుగుతున్నాడు.

సంపూర్ణ ముందు స్టార్టరు దగ్గరికి పోయి ఫీజులు పీకింది. తర్వాత పిల్లవాణ్ణి రెక్క పట్టి లాగింది. వాడు ఏడుపు అందుకున్నాడు. పైపు దగ్గరికి ఎవరూ రావద్దని, మోటరు చూసేదాకా నీళ్ళు లేవని చెప్పింది. ఆడవాళ్ళు వాళ్ళ భాషలో ఏదో అనుకున్నారు. అవి మంచి మాటలు కావని ఆమెకు అర్థమైంది. పూల్‌సింగ్ కర్ర నేల మీద ఆనించి ముందుకు వచ్చాడు.

“టీవోళ్ళు భూమి పోతదన్నరు. నువ్వొచ్చి మోటరు పోతదంటున్నవ్. ఎవరి మాట వినాలె చెల్లె మేము?”

“నా మాటే విను అన్నా. భూమి సంగతి నాకు తెల్వదు. ఆ జాయింటు చేసింది నేను.”

పూల్‌సింగ్ ఆమె ముఖంలోకి చూశాడు. అందర్నీ వెనక్కి జరగమన్నాడు.

కరెంటు వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. పూల్‌సింగ్ ఇంట్లో టీవీ దానంతట అదే మోగడం మొదలుపెట్టింది. చూసేందుకు ఎవరూ పోలేదు. సంపూర్ణ పొడి చెక్క మీద నిలబడి, మోటరు తీగలు విడదీసి, ఫీజులు పెట్టి, స్టార్టరు నుంచి వచ్చే కరెంటును బల్బు గుండా మోటరు తీగకు కలిపింది. మొదటి తీగకు బల్బు వెలగలేదు. రెండోదానికీ వెలగలేదు. మూడో తీగ తాకించగానే బల్బు లోపలి పోగు ఎర్రబడింది. వెలుగు అనేంత వెలుగు కాదు, ఆరిపోయే బీడీ కొసలా ఉంది. అయినా ఎండలో, అంత దూరం నుంచి అందరికీ కనిపించింది.

అందులో ఏముందో ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. కమ్లి తన కొడుకును దగ్గరికి లాక్కుని వాడి రెండు అరచేతులు తిప్పి తిప్పి చూసింది.

ఫీజులు మళ్ళీ పీకి, మూడు దుంగలు కట్టి, తాడు వేసి, పైపు తర్వాత పైపు విప్పుతూ మోటరును పైకి లాగారు. మగవాళ్ళు తాడు మీద ఉన్నారు, ఆడవాళ్ళు పైపులు మోశారు. ఆ పనిలో పడి టీవీలో చెప్పిన గడియ ఎప్పుడు దాటిపోయిందో తండాలో ఒక్కరూ చూసుకోలేదు. మోటరు బయటికి వచ్చాక సంపూర్ణ జాయింటు విప్పింది. తాను అదిమిన టేపు కొస పూరేకులా లేచి ఉంది. దాని కింద తడి.

రాగి తుడిచి, కుంపటి సెగకు చేతులు కాచుకుని, మళ్ళీ మొదటినుంచి చేసింది. ఈసారి ఎవరూ తొందరపెట్టలేదు. పూల్‌సింగ్ ఇంటి ముందున్న నీళ్ళ డ్రమ్ములో జాయింటు దించి, ఈ రాత్రికి వాగు నీళ్ళే కాచి తాగండి, తప్పదు అని చెప్పింది. బ్లెస్సీకి కబురు పంపి ఆ రాత్రి అక్కడే ఉండిపోయింది.

పొద్దుగూకుతుండగా కమ్లి జొన్న రొట్టె, పచ్చిమిరప తొక్కు తెచ్చి పక్కన పెట్టింది.

“నేనడిగితేనే ఇచ్చినవ్ గదా అక్కా. తప్పు నాది.”

“అడుగుడు అందరు అడుగుతరే. ఇయ్యకుంట ఉండుడే నా పని.”

సంపూర్ణ రొట్టె చేతిలోకి తీసుకుంది కానీ ముద్ద దిగలేదు. జయరాజ్‌ను తీసుకొచ్చి పడుకోబెట్టిన రోజు ఆ రైతు గోడకు ఆనుకుని కూర్చున్న తీరు గుర్తొచ్చింది. అతను ఎందుకు తలెత్తలేదో ఇప్పుడు తెలిసింది. తెల్లారి బల్బు వెలగలేదు. మోటరు దించి, బిందెలు నిండేదాకా చూసి, బురద దారిన తిరిగి వచ్చింది.

దసరా సెలవులకు బ్లెస్సీ ఇంటికి వచ్చి పేపరు చదువుతూ, ఆ యంత్రం పాడైందమ్మా, అంది. మొదలుపెట్టిన కొద్ది రోజులకే అలా అయిందట. లోపల పెద్ద పెద్ద అయస్కాంతాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయట. రెండింటి మధ్య కరెంటు కలిపే చోట జాయింటు కరిగిపోయిందట. వాటిని చల్లగా ఉంచే గ్యాసు ఒక్కసారిగా బయటికి తన్నుకొచ్చి, టన్నుల బరువున్న అయస్కాంతాలు పక్కకు జరిగిపోయాయట.

సంపూర్ణ చేతిలోని తీగ ఆపింది.

“లోపల మనుషులున్నరా?”

“లేరంట. కరెంటు పెట్టేటప్పుడు సొరంగంల ఎవర్నీ ఉంచరంట.”

“మంచి పద్ధతి,” అంది సంపూర్ణ. “మళ్ళ ఎప్పుడు పెడతరంట?”

బాగు చేసి, మిగతా జాయింట్లు కూడా చూసుకునేసరికి వచ్చే ఏడాది అవుతుందని రాశారని చెప్పింది బ్లెస్సీ. పక్క షాపులోంచి పిచ్చయ్య, అంత చదువు చదివి ఒక్క జాయింటు చేయలేకపోయిండ్రా అని నవ్వాడు. సంపూర్ణ నవ్వలేదు.

“నవ్వకు తమ్మీ. గది చేసినోడు ఎవడో, వానికిప్పుడు ముద్ద దిగుతుందో లేదో.”

ఎండాకాలం నడిమధ్యలో తండా మోటరు మళ్ళీ కాలింది. ఈసారీ కమ్లే వెంట వచ్చింది. చుట్టడం, జాయింటు చేయడం అయ్యేదాకా బయట కూర్చుంది. సంపూర్ణ జాయింటును డ్రమ్ములోకి దించి, రేపు పొద్దున రమ్మంది. కమ్లి ఆటోలోంచి తన దుప్పటి మూట తెచ్చి డ్రమ్ము పక్కన పెట్టింది.

“పోను. అది నిద్ర చేసిందాంక నేను గూడ ఈడనే.”

సంపూర్ణ స్టూలు జరిపి, తుడిచిన చోట చాప పరిచింది.

తెల్లారి ఇద్దరూ కూర్చుని బల్బు వైపు చూశారు. అది వెలగలేదు.