ఎండలో పోసిన మట్టి

ఆరు రోజులు మట్టి తవ్వాక మనిషిలో మర్యాద కూడా మిగలదు. ఏడో రోజు పొద్దున వ్యాన్‌లో ముగ్గురమూ ఒకరినొకరు పలకరించుకోలేదు. స్టీరింగ్ దగ్గర మా ల్యాబ్ టెక్నీషియన్, యాభై దాటిన కెనడా ఆవిడ, ఆవలిస్తోంది. ఆ నెలాఖరుకి రిటైరవుతోంది, ఇదే ఆవిడ ఆఖరి ఫీల్డ్ ట్రిప్. వెనక నేనూ, వరంగల్ నుంచి వచ్చిన నా జూనియరూ. మనవాళ్ళు చదువులకని సస్కటూన్‌కి వచ్చిపడుతున్న రోజులవి. ఏ బస్సెక్కినా వెనక సీట్లో ఎవరో తెలుగులో ఇంటికి ఫోన్ చేస్తుండేవారు. మా డిపార్ట్‌మెంట్‌లో మాత్రం మేమిద్దరమే. నన్ను అక్కా అనేవాడు. నాది గుంటూరు వైపు. మొదట్లో ఒకరి మాటను ఒకరం వెక్కిరించుకున్నాం, తర్వాత ఓపిక లేక మానేశాం.

ఊరికి రెండు గంటల దూరంలో ఒక రైతు గోధుమ చేలో మా పని. కోతలయ్యాక, ఆయన ఎరువు వేయకముందే మట్టి తీసుకోవాలి. మా కోసం ఆయన వారం ఆగాడు. నా థీసిస్‌కి మట్టిని ఆరబెట్టి పొడిచేస్తే చాలు. మా జూనియర్‌ది మట్టిలో బతికుండే సూక్ష్మజీవుల మీద. తీసిన మట్టి ఆరిపోకుండా, ఐసు పెట్టెలో చల్లగా ల్యాబ్‌కి చేరాలి, అందుకే దాన్ని ఆఖరి రోజుకి ఉంచాం. ఈసారి దొరక్కపోతే మళ్ళీ కోతలదాకా ఆగాలి. అంటే ఇంకో ఏడాది చదువు, స్టడీ పర్మిట్ ఎక్స్‌టెన్షన్‌కి మళ్ళీ అప్లై చేయడం.

మధ్యాహ్నం వాళ్ళిద్దరూ చేలో గుర్తుకి పాతిన జెండాలు పీకడానికి వెళ్ళారు. నన్ను సామాను సర్దమన్నారు. అతని పెట్టె తెరిస్తే ఐసు కరిగిపోయి, సంచులు నీళ్ళలో ఉన్నాయి. ఆ మట్టి ఆరకూడదన్న సంగతి ఆ అలసటలో గుర్తే రాలేదు, రైతు ఇంటికి వెళ్ళి కాస్త ఐసు అడగాలని కూడా తోచలేదు నాకు. తడి సరుకు మూసిపెడితే ముక్కిపోతుందని చిన్నప్పటినుంచీ విన్నదాన్ని. మిరపకాయలైనా మినపప్పైనా ఎండలో పోయడమే నాకు తెలిసిన వైద్యం. సంచులన్నీ విప్పి, షెడ్డు పక్కనున్న రేకుల మీద మట్టి పరిచాను. ఏ కుప్ప పక్కన ఆ కుప్ప చీటీ పెట్టాను కూడా. మంచి పని చేశానని సంతోషపడ్డాను, ఏం చెప్పను.

అతను వచ్చి చూశాడు. గాలికి అప్పటికే మట్టి తెల్లబడింది. కిందికి వంగి ఒక గడ్డ తీసుకుని వేళ్ళతో నలిపాడు.

"ఇదేం జేసినవక్కా?" అన్నాడు. గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆవిడ నన్నేమీ అడక్కుండా రైతుకి ఫోన్ చేసింది. జెండాలు పీకడం చూసి, మా పని అయిపోయిందనుకుని ఆయన అవతలి వైపు నుంచి ఎరువు మొదలుపెట్టాడట. సగం చేను అయిపోయింది. ట్రాక్టర్ ఆపాడు. ఆయన ఇంటినుంచి ఐసు తెచ్చుకుని, మిగిలిన సగంలో మళ్ళీ తవ్వాం. అతను మట్టి తీసే గొట్టం దించడం, ఆవిడ లాగడం, నేను సంచి పట్టుకుని నెంబరు చదివితే వాళ్ళు తిరిగి చెప్పడం. వారమంతా సంచుల మూతి కట్టింది నేనే. ఆ రోజు ఆ పని ఆవిడే చేసింది. నడుం విరిగిపోతున్నా ఎవరమూ ఆగలేదు.

దారిలో ఒక కొట్టు దగ్గర ఆగి మాకు ఆపిల్ పై తినిపిస్తానని ఆవిడ ముందే చెప్పింది. ఆ కొట్టు దాటిపోతుంటే ముగ్గురమూ చూశాం. క్యాంపస్‌లో దిగాక అతన్ని దగ్గరికి తీసుకుంది. నన్నూ అంతేసేపు పట్టుకుంది. అది నాకు ఇంకా కష్టమైంది.

"సగమన్నా దొరికింది తియ్ అక్కా. పోయి ఇంత తిని పండుకో," అన్నాడతను, బ్యాగు భుజాన వేసుకుంటూ.

ఆ సగం సరిపోలేదు. మొత్తం మళ్ళీ తీయాల్సిందేనన్నారు ప్రొఫెసర్. ఎండిన నా మట్టితో నేను ఎండాకాలానికల్లా పట్టా తీసుకుని, విమానంలో వెళ్ళాల్సినంత దూరంలోని వాటర్లూలో ఉద్యోగంలో చేరాను.

మళ్ళీ కోతలప్పుడు అతని మెసేజ్ వచ్చింది. కొత్త టెక్నీషియన్‌కి చేను తెలియదట, తోడు ఇంకెవరూ లేరట. రెండు రోజులు రాగలవా అక్కా అని. ఆ రేకుల పక్కన మళ్ళీ అతని ఎదురుగా నిలబడాలంటే నాకు భయమేసింది. సెలవు దొరకలేదని రాశాను. పర్లేదక్కా, ఆరోగ్యం జాగ్రత్త అని జవాబిచ్చాడు.

నేను సెలవు అడగనే లేదు.