ఫార్మలిన్ ఆవిరి, బెల్లం నీళ్లు, నా ఊపిరి

ఆ రోజు ఆపరేషన్లో తీసిన గాల్ బ్లాడర్ ఉన్న డబ్బా మూత తిప్పాను. పదకొండేళ్లుగా చేస్తున్న పనే. మూత తీయగానే కళ్లు మండటం మామూలే. ఆ రోజు మాత్రం గొంతు చుట్టూ ఎవరో గుడ్డ బిగించినట్టు అయింది. వరండాలోకి వెళ్లి గోడ పట్టుకుని దగ్గాను. దగ్గు ఆగాక ఛాతీలోంచి సన్నగా ఈల వినిపించింది.

నా పేరు శైలజ. తిరువూరులో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. చుట్టుపక్కల నర్సింగ్ హోముల నుంచి బయాప్సీ ముక్కలు మా దగ్గరికి వస్తాయి. అవి కుళ్లిపోకుండా ఫార్మలిన్ అనే ఘాటైన రసాయనంలో ఉంచుతాం. తర్వాత పలచగా కోసి, రంగు వేసి స్లైడ్లు చేస్తాం. వారానికి రెండు రోజులు విజయవాడ నుంచి పాథాలజిస్టు సునంద మేడమ్ వచ్చి, వాటిని మైక్రోస్కోపులో చూసి రిపోర్టు రాస్తారు. నేను పనిచేసే గదికి ఒకటే కిటికీ. ఏసీ పెట్టినప్పుడు దాన్ని మూసి మేకులు కొట్టేశారు.

అయినా నాకు ఫార్మలిన్ మీద అనుమానం రాలేదు. మా ఆయన మీద వచ్చింది.

ఆయనది ఎండుమిర్చి వ్యాపారం. మేం మేడ మీద ఉంటాం, కింద బస్తాలుంటాయి. పెనుగొలను, వినగడప వైపు రైతుల సరుకు అక్కడే దిగుతుంది.

"ఏవండీ, ఆ బస్తాలు ఇక్కణ్నుంచి తీయించండి. మీ మిర్చి ఘాటుకే నాకీ దగ్గు" అన్నాను.

"పెళ్లైన దగ్గర్నుంచి ఇదే ఇంట్లో ఉన్నావు. అప్పుడు రాని దగ్గు ఇప్పుడెందుకొచ్చింది?" అన్నారు.

తప్పించుకోవటానికే అలా అంటున్నారనుకున్నాను. రెండు వారాలు మా మధ్య మాటలు సరిగ్గా లేవు. చివరికి ఆయనే ఊరి చివర గోడౌన్ చూసుకుని సరుకంతా అక్కడికి మార్చారు. దగ్గు తగ్గలేదు. నేను డ్యూటీకి వెళ్లాక మళ్లీ కిందే మిర్చి ఆరబోస్తున్నారేమో అనుకున్నాను. చొక్కాలు వాసన చూశాను. మధ్యాహ్నం చెప్పకుండా ఇంటికొచ్చి కింది గది తలుపు తీసి చూశాను. ఖాళీగా ఉంది. ఈ సంగతి ఆయనకు చాలా రోజులు చెప్పలేదు.

ఊళ్లో డాక్టరు గారు ఎక్స్‌రే తీయించి, కఫం పరీక్ష చేయించారు. "టీబీ కాదమ్మా, కంగారు పడకండి. ఎలర్జీ. దుమ్ముకు దూరంగా ఉండండి" అని సిరప్ రాశారు. నేనేం పని చేస్తానో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఒక ఆదివారం భోజనాల దగ్గర మా ఆయన నా వైపు అదేపనిగా చూస్తున్నారు.

"ఏంటండీ?"

"పొద్దుట్నుంచి నువ్వు దగ్గలేదు. నిన్న గోడౌన్లో వేసుకున్న చొక్కాతోనే కూర్చున్నా నీ ఎదురుగా. పోయిన ఆదివారం కూడా అంతే. నీకు మిర్చి పడకపోవటం కాదు శైలూ, సోమవారం పడట్లేదు."

నాకు కోపం వచ్చింది. ఆలోచిస్తే భయం వేసింది.

విజయవాడలో ఊపిరితిత్తుల డాక్టరు, పల్మనాలజిస్టు దగ్గరికి వెళ్లాం. ఆయన మొదట అడిగిందే, "ఏం పని చేస్తారమ్మా?" అని. ల్యాబ్‌లో అన్నాను. "ల్యాబ్‌లో అంటే, చేత్తో ఏం పట్టుకుంటారు? ఏ గాలి పీలుస్తారు?" అన్నారు. గొట్టంలోకి ఊదించి స్పైరోమెట్రీ చేశారు. ఊపిరి ఎంత వేగంగా వదలగలమో కొలిచే పీక్ ఫ్లో మీటర్ అనే చిన్న ప్లాస్టిక్ పరికరం ఇచ్చి, డ్యూటీ ఉన్న రెండు వారాలు, లీవు పెట్టిన రెండు వారాలు రోజుకు నాలుగుసార్లు ఊది అంకె రాసుకురమ్మన్నారు. డ్యూటీ రోజుల్లో సాయంత్రానికి అంకె పడిపోయేది. లీవులో నెమ్మదిగా పైకి వచ్చింది.

నేను అంకెలు రాసిన పుస్తకం చూసి, "ఆక్యుపేషనల్ ఆస్తమా. అంటే చేసే పని వల్ల వచ్చిన ఉబ్బసం. మీ ఫార్మలిన్ ఆవిరే. ఇన్‌హేలర్ ఇస్తాను, కానీ అదే గదిలో అదే గాలి పీలిస్తే ఇది పనిచేయదు" అన్నారు.

ఆ కాగితం తీసుకెళ్లి మా ఓనరుకు చూపించాను. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించమని, కిటికీ తెరిపించమని అడిగాను. ఆయన కాగితం తిరగేసి మరగేసి చూశారు.

"మిగతావాళ్లకు లేనిది మీ ఒక్కరికే ఎందుకొచ్చింది శైలజ గారూ? వేరే ల్యాబ్‌వాళ్లు ఏమైనా రమ్మన్నారా?"

చూద్దాం, చూద్దాం అంటూనే నెల గడిచింది. ఒకరోజు ఫార్మలిన్ క్యాన్ నా చేతిలోంచి జారి గదంతా పారింది. తలుపు దాకా నడవగలిగాను. తర్వాత గుర్తున్నది హాస్పిటల్లో మొహం మీద నెబ్యులైజర్ మాస్కు, పక్కన మా ఆయన. మూడు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాను. ఆ మూడు రోజుల్లోనే ఆయనతో చొక్కాల సంగతి, తలుపు తీసి చూసిన సంగతి చెప్పి, "నన్ను క్షమించండి" అన్నాను. "తలుపు తీసింది చూశాలే. ఎదురింటి అరుగు మీదే ఉన్నా" అన్నారు.

నేను మళ్లీ డ్యూటీలో చేరాక సునంద మేడమ్ పిలిచారు. "ఫార్మలిన్ బదులు తేనె, బెల్లం నీళ్లు వాడి చూసినవాళ్లున్నారు. చిక్కటి తీపిలో ముక్క పాడవదు. మనమూ చూద్దామా?" అన్నారు.

నాకు నమ్మకం కలగలేదు. ఫ్యాన్ పెట్టించకుండా ఉండటానికి ఓనరే ఈవిడతో చెప్పించారేమో అనిపించింది. "బెల్లమా మేడమ్? చీమలు పడతాయి" అన్నాను.

"అనుమానం ఉన్నవాళ్లే పరీక్ష చేయాలి. మనుషుల ముక్కలు వద్దు. మేక లివర్ తెప్పించు" అన్నారు.

పచ్చగా మెరిసే బెల్లంలో రంగు తేలటానికి హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారని, నల్లబెల్లమే తీసుకోమని మా ఆయన చెప్పారు. కొట్లో అడిగితే, సారా కాయటానికేమో అన్నట్టు కొట్టతను నన్ను ఎగాదిగా చూశాడు. "ల్యాబ్‌లో బెల్లంతో ఏం కాస్తారమ్మా?" అన్నాడు. నా ఐడీ కార్డు చూపిస్తేగాని ఇవ్వలేదు.

లివర్ని ముక్కలు కోసి కొన్ని ఫార్మలిన్లో, కొన్ని బెల్లం నీళ్లలో వేశాం. స్లైడ్ల మీద పేర్లు రాయకుండా అంకెలు వేశాను. ఏ అంకె ఏదో నాకొక్కదానికే తెలుసు. మేడమ్ చూసి రెండూ బాగున్నాయన్నారు. బెల్లంవి కాస్త గోధుమరంగు తిరిగాయి, రంగు చూసి పోల్చుకున్నారేమో అని నాకు అనుమానం. విజయవాడలో ఆమెకు తెలిసిన ఇంకో పాథాలజిస్టుకు పంపించాం. ఆయనా బాగున్నాయన్నారు. వాసన లేదు, మంట లేదు. బెల్లం సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా గాలి పీల్చాను. ఛాతీ ఈల వేయలేదు. ఇక ఈ ఉద్యోగం మానక్కర్లేదు అనుకున్నాను.

ఎండలు ముదిరాయి. ఒక సోమవారం ఉదయం చూస్తే బెల్లం సీసా ఒకటి మూత ఉబ్బి ఉంది. తీస్తే బుస్సుమని నురగ, పులిసిన వాసన. ముక్క పైన బూజు. కోసి చూస్తే లోపల మెత్తగా అయిపోయింది. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. ఆ సీసా సింకులో పారబోస్తే ఎవరికీ తెలియదు. పరీక్ష నెగ్గుతుంది, ఫార్మలిన్ నా గదిలోంచి పోతుంది. సీసా చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఇన్ని నెలలు అందర్నీ అనుమానించాను. ఆ కాసేపు నా మీద నాకే నమ్మకం లేకపోయింది.

మేడమ్ వచ్చేదాకా దాన్ని బల్ల మీదే ఉంచాను. ఆమె ఆ ముక్కకూ స్లైడు చేయించి నన్నే చూడమన్నారు. కణాల లోపల నీలంగా కనపడాల్సిన న్యూక్లియస్‌లు చాలాచోట్ల లేవు.

"ఇది ఒకావిడ రొమ్ములోంచి తీసిన గడ్డ అయ్యుంటే? మళ్లీ తీద్దామంటే లోపల మిగిలి ఉండదు. ఇంకా చాలా పరీక్షలు కావాలి శైలజా. అందాకా పేషెంట్ల ముక్కలు ఫార్మలిన్లోనే" అని, ఆ స్లైడూ నా పీక్ ఫ్లో పుస్తకమూ పట్టుకుని ఓనరు గదిలోకి వెళ్లారు. తలుపు వేసుకుని ఏం మాట్లాడారో తెలియదు. ఆ వారంలోనే కిటికీ మేకులు ఊడదీశారు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వచ్చింది. క్యాన్లలోంచి ఒంపుకునే పని లేకుండా, ముందే ఫార్మలిన్ నింపి సీలు వేసిన చిన్న డబ్బాలు తెప్పిస్తున్నారు.

నన్ను రక్తపరీక్షల వైపు మార్చారు. రెండు పూటలా వాడే ఇన్‌హేలర్ ఇప్పుడు ఉదయం ఒక్కసారే. మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను. బెల్లం పరీక్షలు మేక లివర్ మీద ఇంకా నడుస్తున్నాయి, ఇప్పుడు సీసాలు ఫ్రిజ్‌లో పెడుతున్నాం. ఎవరైనా "ఇది నేచురల్, ఏమీ కాదు" అంటే, ఎన్నాళ్లు ఉంచి చూశారని అడుగుతాను.

ఇది చదివేవాళ్లకు చెప్పదలచుకున్నది ఒక్కటే. తగ్గని దగ్గు ఉంటే ఏ రోజు ఎక్కువైంది, ఏ రోజు తగ్గింది, ఆ రోజు ఎక్కడున్నారు అన్నది ఒక పుస్తకంలో రాయండి. డాక్టరు అడగకపోయినా మీరు చేసే పనేంటో ముందే చెప్పండి. అనుమానం మనసులో పెట్టుకున్నన్నాళ్లు నేను ఇంట్లోవాళ్లతో పోట్లాడాను. కాగితం మీద పెట్టాకే అది వైద్యానికి పనికొచ్చింది.